పరంపరకు పరీక్ష: హదీసుల నిర్ధారణలో కంప్యూటరు

వేమన మకుటం తగిలించిన ప్రతి ఆటవెలదీ వేమన చెప్పినది కాదని తెలుగువారికి తెలుసు. మకుటం అతికించడం సులభం. ఆ పద్యం ఎవరినుండి ఎవరికి అందినదో, ఏ తాళపత్రంలో ఏ రూపంలో ఉన్నదో తేల్చడం కష్టం. అందుకే సి.పి. బ్రౌన్ వ్రాతప్రతులను పోగుచేయించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. "ఈ మాట నిజంగా ఆయన అన్నదేనా?" అనే ప్రశ్న సాహిత్యంలో తలెత్తితే పండితులు వాదించుకుంటారు, లోకవ్యవహారానికి వచ్చే నష్టం లేదు. అదే ప్రశ్న కోట్లాదిమంది ఆరాధనకు, వివాహానికి, వారసత్వానికి, నిత్యవర్తనకు ఆధారమైన మాటల విషయంలో తలెత్తినప్పుడు దాని బరువు వేరు.

ఇస్లాం మతసంప్రదాయంలో ఖురాను తరువాతి ప్రమాణం హదీసు. ప్రవక్త ముహమ్మద్ పలికిన మాటలను, చేసిన పనులను, ఆయన ఎదుట జరుగగా ఆయన కాదనని విషయాలను తెలిపే ఉల్లేఖనాలకు హదీసులని పేరు. ప్రవక్త క్రీ.శ. 632లో మరణించారు. నేడు ముస్లిములు అత్యంత ప్రామాణికంగా భావించే హదీసు సంకలనాలు తొమ్మిదవ శతాబ్దంలో రూపొందాయి. నడుమ ఉన్న రెండు శతాబ్దాల దూరాన్ని కలిపే వంతెన ఉల్లేఖకుల పరంపర. ఆ వంతెన ఎక్కడ గట్టిగా ఉన్నదో, ఎక్కడ పగులు వారినదో పరీక్షించే పనిలో ఇటీవలి దశాబ్దాలలో కంప్యూటరు వచ్చి చేరింది. అది ఏ మేరకు సాయపడుతున్నది, ఏ మేరకు భ్రమ కల్పిస్తున్నది అన్నదే ఈ వ్యాస విషయం.

హదీసుకు రెండు భాగాలు

ప్రతి హదీసులోను రెండు భాగాలుంటాయి. మొదటిది ఇస్నాద్. అనగా "ఫలానావారు నాకు చెప్పారు, వారికి ఫలానావారు చెప్పారు" అంటూ సంకలనకర్త నుండి ప్రవక్త వరకు సాగే పేర్ల గొలుసు. రెండవది మత్న్. అనగా అసలు విషయం. అరబ్బీ పండితులు విషయానికన్న ముందు గొలుసును చూస్తారు. గొలుసులోని ప్రతి వ్యక్తి సత్యవర్తనుడా? అతని జ్ఞాపకశక్తి, వ్రాతప్రతి నమ్మదగినవా? అతడు తన గురువును నిజంగా కలిశాడా? ఇదే హదీసును మరింత నమ్మదగినవారు మరొక విధంగా చెప్పారా? పైకి కనిపించని లోపం ఏదైనా ఉన్నదా? ఈ ప్రశ్నలన్నిటికీ తృప్తికరమైన సమాధానం దొరికితే ఆ హదీసు "సహీహ్", అనగా ప్రామాణికం. జ్ఞాపకశక్తి విషయంలో కొద్దిపాటి తగ్గుదల ఉంటే "హసన్". గొలుసు తెగినా, ఉల్లేఖకుడు బలహీనుడైనా "జయీఫ్". కల్పితమని తేలితే "మౌజూ".

ఈ పరీక్షకు నిలిచే హదీసులను సేకరించినవారిలో అగ్రగణ్యుడు బుఖారా నగరంలో పుట్టిన ఇమాం బుఖారీ (810–870). ఆయన ఆరు లక్షల హదీసుల నుండి ఏరి తన సంకలనాన్ని కూర్చాడని సంప్రదాయం చెప్తుంది. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం అందులో 7,563 హదీసులున్నాయి. పునరుక్తులను తీసివేస్తే అవి ఇంచుమించు 2,600 మాత్రమే. ఆరు లక్షల సంఖ్య విన్నవారికి ఆశ్చర్యం కలుగడం సహజం. కాని ఆనాటి పండితులు ఒకే మాట పది గొలుసుల ద్వారా వస్తే దానిని పది హదీసులుగా లెక్కించేవారు. కంప్యూటరు పరిభాషలో చెప్పవలెనంటే వారి లెక్కకు మూలం మత్న్ కాదు, ఇస్నాద్. ఈ చిన్న విషయం తెలియక హదీసుల సంఖ్యలను చూసి పొరపడినవారు అనేకులు.

బుఖారీ సంకలనంతో పాటు ముస్లిం, అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్న్ మాజాల సంకలనాలను కలిపి "ఆరు గ్రంథాలు" అంటారు. వీటికి ఇమాం మాలిక్ (మరణం 795) కూర్చిన ముఅత్తా, అహ్మద్ బిన్ హంబల్ (మరణం 855) ముస్నద్, దారిమీ గ్రంథం చేర్చితే తొమ్మిదవుతాయి. ఇవి గాక చిన్నా పెద్దా సంకలనాలు వందల సంఖ్యలో ఉన్నాయి.

మనుషుల నిఘంటువులు, హైదరాబాదు అచ్చుకూటం

గొలుసును పరీక్షించాలంటే గొలుసులోని మనుషులు తెలియాలి. అందుకే అరబ్బీలో ఉల్లేఖకుల జీవితకోశాలు పుట్టాయి. ఒక వ్యక్తి పేరు, తండ్రి పేరు, ఊరు, గురువులు, శిష్యులు, మరణ సంవత్సరం, సమకాలికులు అతనిని గురించి వెలిబుచ్చిన అభిప్రాయం ఇందులో ఉంటాయి. పదునాలుగవ శతాబ్దంలో మిజ్జీ రచించిన జీవితకోశం ఆధునిక ముద్రణలో 35 సంపుటాలు. దానిని ఇబ్న్ హజర్ అస్ఖలానీ (మరణం 1449) సంక్షేపించి, తరువాత మరింత కుదించి, ఎనిమిది వేలకు పైగా వ్యక్తులను 12 తరగతులుగా విభజించి ఒక్కొక్కరికి ఒకటి రెండు పంక్తులలో తీర్పు చెప్పాడు. ఈనాటి సమాచార నిధిలో కనిపించే పట్టికకు ఇది అయిదారు శతాబ్దాల నాటి పూర్వరూపం అనవచ్చును.

ఈ గ్రంథాలలో అనేకం ప్రపంచానికి మొదట అచ్చురూపంలో అందినది మన హైదరాబాదు నుండే అన్న సంగతి తెలుగువారిలో చాలామందికి తెలియదు. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ వ్రాతప్రతులను తెప్పించి, పోల్చి, అచ్చువేసింది. ఇబ్న్ హజర్ రచించిన 12 సంపుటాల తహ్జీబుత్ తహ్జీబ్ అక్కడ 1907–1909 నడుమ వెలువడినది. బైహఖీ సంకలనం పది సంపుటాలు, బుఖారీ రచించిన ఉల్లేఖకుల చరిత్ర, ఇబ్న్ అబీ హాతిం రచించిన గుణదోష విచారణ కూడా ఈ సంస్థ ప్రచురణలే. కైరోలోను, బేరూత్‌లోను ఉన్న విద్వాంసులు దశాబ్దాల పాటు హైదరాబాదు ప్రతులనే ముందుంచుకొని పనిచేశారు. ఈనాడు తెరమీద క్షణంలో ప్రత్యక్షమయ్యే పుటలలో ఎన్నో ఆ అచ్చుకూటపు అక్షరాల సంతానమే.

హైదరాబాదుకు మరొక సంబంధం కూడా ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బోధించి, తరువాత పారిస్‌లో స్థిరపడిన ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాలలో ఒక చిన్న వ్రాతప్రతిని గుర్తించి 1953లో ప్రచురించాడు. ప్రవక్త అనుచరుడైన అబూ హురైరా వద్ద హమ్మాం బిన్ మునబ్బిహ్ అనే శిష్యుడు విని వ్రాసుకొన్నదిగా చెప్పే 138 హదీసుల సంపుటి అది. తొమ్మిదవ శతాబ్దపు ముస్నద్‌లో దాదాపు ఇవన్నీ ఉన్నాయి. రెండిటినీ పక్కపక్కన ఉంచి పోల్చగా మాటలు చాలా దగ్గరగా కలిసినవి. అయితే ఆ సంపుటి మనకు అందినది తరువాతి తరాల శిష్యుల ద్వారానే. ముస్నద్‌కు చేరినది కూడా అదే శిష్యుల దారిన. కావున ఈ పోలిక ఆ శిష్యుల విశ్వసనీయతను చూపుతుంది గాని, అంతకు ముందటి మెట్టును తనంతట తాను నిరూపించజాలదు. ఆధారం ఎంతవరకు పలుకుతుందో అంతవరకే వినడం పరిశోధకుని ధర్మం.

సూచికల నుండి సమాచార నిధికి

ఒక మాట గుర్తున్నది, కాని అది ఏ గ్రంథంలో ఉన్నదో తెలియదు. అప్పుడేమి చేయాలి? పూర్వకాలంలో దీనికి జవాబు జ్ఞాపకశక్తి. ఇరవయ్యవ శతాబ్దంలో జవాబు పదసూచిక. డచ్చి పండితుడు వెన్సింక్ తలపెట్టిన మహాసూచిక లైడెన్ నగరంలో 1936 నుండి సంపుటాలుగా వెలువడసాగింది. వెన్సింక్ 1939లో మరణించినా పని ఆగలేదు. ఈజిప్టు విద్వాంసుడు ఫుఆద్ అబ్దుల్ బాఖీ (1882–1968) దానికి ఎంతో తోడ్పడ్డాడు. తొమ్మిది గ్రంథాలలోని ముఖ్యపదాలను అక్షరక్రమంలో చూపే ఆ సూచిక చివరి సంపుటం 1988లో వచ్చినది. అనగా అర్ధశతాబ్దానికి మించిన శ్రమ.

ఆ సూచిక పూర్తికాకముందే కంప్యూటరు రంగప్రవేశం చేసింది. ఉత్తరప్రదేశ్‌లోని మవూలో పుట్టి, కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, రియాద్‌లో ఆచార్యుడైన ముహమ్మద్ ముస్తఫా ఆజమీ (మరణం 2017) హదీసు గ్రంథాలను కంప్యూటరులోకి ఎక్కించే ప్రయత్నానికి ఆద్యులలో ఒకడు. 1990లలో తొమ్మిది గ్రంథాలు సి.డి.లపై లభించసాగినవి. ఆ పిదప "మక్తబా షామిలా" అనే ఉచిత గ్రంథాలయ కార్యక్రమం వేలకొద్దీ అరబ్బీ గ్రంథాలను సామాన్య విద్యార్థి బల్లమీదకు తెచ్చింది. అంతర్జాలంలో అనువాదాలతో కూడిన సంకలనాలు, పండితుల తీర్పులతో కూడిన హదీసు కోశాలు వెలసినవి. 2017లో మదీనాలో సల్మాన్ రాజు పేరిట హదీసు పరిశోధనకు ప్రత్యేక సంస్థ ఏర్పడినది. పరిశోధకులు 2022లో విడుదల చేసిన ఒక దత్తాంశ సంపుటిలో దాదాపు ఆరున్నర లక్షల ఉల్లేఖనాల నుండి ఏరిన పరంపరలున్నాయి. లండన్‌లోని ఆగా ఖాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక గ్రంథంలోని భాగం మరొక గ్రంథంలో ఎంత మేరకు తిరిగి వచ్చినదో యంత్రంచేత గుర్తింపజేస్తున్నారు.

యంత్రం ఏమి చేస్తుంది

సమాచార నిధిలో మూడు పట్టికలున్నాయని ఊహించుకొనవచ్చును. మొదటి దానిలో హదీసు పాఠాలు. రెండవ దానిలో ఉల్లేఖకులు. మూడవ దానిలో "ఎవరు ఎవరినుండి విన్నారు" అనే సంబంధాలు. ఒక మాట ఇచ్చి వెదకినప్పుడు యంత్రం మొదటి పట్టికలో సరిపోలే పాఠాలన్నిటినీ తీస్తుంది. వాటి పరంపరలను మూడవ పట్టిక సాయంతో ఒక వృక్షంగా అల్లుతుంది. రెండవ పట్టికలోని జనన మరణ సంవత్సరాలను చూసి, శిష్యుడు పుట్టకముందే గురువు మరణించి ఉంటే గొలుసు తెగినదని హెచ్చరిస్తుంది.

వినడానికి ఇది సులభం. చేయడం కష్టం. అరబ్బీ వ్రాతలో హ్రస్వ స్వరాలను సాధారణంగా వ్రాయరు. ఒకే అక్షరాల గుంపును పలు విధాల చదవవచ్చు. చుక్కలు తారుమారైతే మనిషే మారిపోతాడు; బిష్ర్, బుస్ర్ అనే రెండు పేర్లకు వ్రాతలో చుక్కల తేడా మాత్రమే. ఇట్టి పేర్ల జంటల మీద ప్రాచీనులు ప్రత్యేక గ్రంథాలే వ్రాశారు. పుటల బొమ్మలను యంత్రం అక్షరాలుగా మార్చేటప్పుడు జరిగే చిన్న తప్పు సజ్జనుని స్థానంలో అసత్యవాదిని నిలబెట్టగలదు. అదిగాక అరబ్బీలో సముచ్చయం, విభక్తి, సర్వనామం పదానికి అతుక్కొని ఉంటాయి. తెలుగులో "రామునితోనేనా" అన్న మాటలో "రాముడు" అని వెదకితే ఏమి దొరుకుతుందో అరబ్బీలోను అంతే. కావున మంచి సమాచార నిధి పదాన్ని విడదీసి, ధాతువు దాకా వెళ్ళి వెదకుతుంది.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

బుఖారీ సంకలనం మొదటి హదీసునే ఉదాహరణగా తీసుకొందాం. మనిషి చేసే పనుల విలువ అతని సంకల్పాన్ని బట్టి ఉంటుందన్నది దాని సారం. బుఖారీకి దానిని చెప్పినది హుమైదీ, ఆయనకు సుఫ్యాన్, ఆయనకు యహ్యా బిన్ సయీద్ అన్సారీ, ఆయనకు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ, ఆయనకు అల్ఖమా బిన్ వఖ్ఖాస్, ఆయనకు రెండవ ఖలీఫా ఉమర్. ఉమర్ ప్రవక్త నోట విన్నారు.

ఇందులో సుఫ్యాన్ ఎవరు? ఆ పేరుతో ఒకే కాలానికి చెందిన ఇద్దరు ప్రముఖులున్నారు. సుఫ్యాన్ సౌరీ 778లో, సుఫ్యాన్ బిన్ ఉయైనా 814 ప్రాంతంలో మరణించారు. ఇద్దరూ యహ్యా వద్ద విన్నవారే. హుమైదీ మక్కా నివాసి; ఇబ్న్ ఉయైనాకు చిరకాల శిష్యుడు; 834లో మరణించాడు. కావున మొదటి హదీసులోని సుఫ్యాన్ ఇబ్న్ ఉయైనాయే. ఇక ఇదే హదీసును బుఖారీ తన గ్రంథంలో ఏడుచోట్ల ఉదాహరించాడు. 2529వ సంఖ్య వద్ద ఆయనకు చెప్పినది బస్రా నగరానికి చెందిన ముహమ్మద్ బిన్ కసీర్. ఆయనకు "సుఫ్యాన్" చెప్పాడు. ఈయన సౌరీ శిష్యుడు కనుక ఇక్కడి సుఫ్యాన్ సౌరీ. ఒకే గ్రంథం, ఒకే హదీసు, ఒకే పేరు, కాని ఇద్దరు మనుషులు!

ఈ సందర్భంలో ఇద్దరూ మహావిద్వాంసులు కావడం వలన ప్రమాదం లేదు. అదే పేరు గల ఇద్దరిలో ఒకడు విశ్వసనీయుడు, మరొకడు బలహీనుడు అయిన సందర్భంలో తీర్పు తలక్రిందులవుతుంది. కంప్యూటరు పేరును మాత్రమే చూస్తే పొరపడుతుంది. పేరుకు ముందు ఎవరున్నారు, వెనుక ఎవరున్నారు అని పరిసరాలను చూసినప్పుడు మాత్రమే వ్యక్తిని గుర్తుపట్టగలదు. ప్రాచీన పండితుడు చేసిన తర్కమూ ఇదే.

మరొక విశేషం. మొదటి స్థానంలోని పాఠంలో ఒక వాక్యం లోపించినది. దేవుని కొరకు, ఆయన ప్రవక్త కొరకు వలసపోయినవాని సంగతి చెప్పే ఆ వాక్యం మిగిలిన చోట్ల లభిస్తుంది. వెదకినప్పుడు మొదట దొరికినదానినే పూర్తి పాఠమని భావించేవానికి ఈ లోటు కనబడదు. ఒక హదీసు వచ్చిన దారులన్నిటినీ సేకరిస్తేనే అందులోని తప్పొప్పులు తెలుస్తాయని పూర్వులు పదే పదే బోధించారు. నెలల ప్రయాణంతో వారు చేసిన సేకరణను నిమిషాలలో చేసిపెట్టడమే కంప్యూటరు చేసిన నిజమైన మేలు.

చిత్రం ఒకటి, భాష్యాలు మూడు

ఈ హదీసు వృక్షాన్ని తెరమీద గీయిస్తే ఒక విచిత్రమైన ఆకారం కనబడుతుంది. ఉమర్ నుండి యహ్యా వరకు ఒంటి కాడ. క్రీ.శ. 760 ప్రాంతంలో మరణించిన యహ్యా వద్ద మాత్రం ఒక్కసారిగా కొమ్మలు విచ్చుకొంటాయి. మాలిక్, ఇద్దరు సుఫ్యానులు, హమ్మాద్ బిన్ జైద్, అబ్దుల్ వహ్హాబ్ మొదలుగా ఎందరో ఆయన వద్ద విన్నారు.

ఈ ఆకారానికి అర్థమేమిటి? హదీసు పండితులు ఇది మొదట ఏకోల్లేఖితమై తరువాత ప్రసిద్ధి పొందినదని, ఒంటి కాడలోని ప్రతివారూ నమ్మదగినవారు కనుక ప్రామాణికమేనని అంటారు. 1950లో తన గ్రంథాన్ని ప్రకటించిన జోసెఫ్ షాఖ్త్, ఆయన మార్గంలో నడచిన కొందరు పాశ్చాత్య పండితులు, కొమ్మలు విచ్చుకొనే చోట ఉన్న వ్యక్తి కాలంలోనే ఆ మాట వ్యాప్తిలోకి వచ్చి ఉంటుందని, దాని వెనుక గొలుసు తరువాత చేర్చినదై ఉండవచ్చునని సందేహించారు. జర్మన్ పండితుడు హరాల్డ్ మోట్స్కీ (1948–2019) వేరొక మార్గం చూపాడు. ఆ వ్యక్తి కల్పించినవాడు కానక్కరలేదు. తాను విన్నదానిని శిష్యులకు క్రమబద్ధంగా బోధించిన తొలి ఆచార్యుడు కావచ్చును అన్నాడు. గొలుసులను, పాఠభేదాలను జతపరచి చూడాలన్నది ఆయన పద్ధతి. ఒకే గురువు శిష్యుల పాఠాలు తమలో తాము దగ్గరగా ఉండి, వేరు గురువు శిష్యుల పాఠాలకు దూరంగా ఉంటే ఆ గొలుసులు నిజమైనవనడానికి బలం చేకూరుతుంది.

చిత్రాన్ని కంప్యూటరు గీస్తుంది. దానికి భాష్యం చెప్పేది మనిషి. ఈ ముగ్గురి ఎదుట ఉన్నది ఒకే వృక్షం. భేదం వారి ప్రాతిపదికలలో ఉన్నది.

చైనా ప్రయాణం

విద్య కొరకు చైనా వరకైనా వెళ్ళవలెనని ప్రవక్త చెప్పారన్న మాట సభలలోను, పాఠశాల గోడలమీదను, ముస్లిమేతరుల ఉపన్యాసాలలోను తరచు వినబడుతుంది. ఎంతో మంచి మాట. కాని మంచి మాట కావడం వేరు, ప్రవక్త మాట కావడం వేరు.

సమాచార నిధిలో వెదకితే ఈ మాట దొరుకుతుంది. పదకొండవ శతాబ్దానికి చెందిన బైహఖీ గ్రంథంలో గొలుసుతో సహా ఉన్నది. "గ్రంథంలో ఉన్నది, గొలుసు ఉన్నది, కనుక నిజమే" అని తొందరపడేవాడు అక్కడే ఆగిపోతాడు. గొలుసును చదివినవాడు ప్రవక్త అనుచరుడైన అనస్ వద్ద దీనిని విన్నట్లు చెప్పుకొన్న అబూ ఆతికా అనే వ్యక్తి వద్ద నిలుస్తాడు. జీవితకోశాలు తెరచి చూస్తే ఈయన ఉల్లేఖనాలను బుఖారీ మొదలైనవారు గట్టిగా త్రోసిపుచ్చినట్లు తెలుస్తుంది. బైహఖీ స్వయంగా దీని గొలుసు బలహీనమని తెలిపాడు. ఇబ్న్ జౌజీ (మరణం 1201) దీనిని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చాడు.

అయితే ఈ మాటకు జంటగా వినిపించే మరొక మాట, విద్యార్జన ప్రతి ముస్లిముకు విధి అన్నది, వేరు దారులలో ఇబ్న్ మాజా మొదలైన సంకలనాలలో లభిస్తుంది. ఆ దారులు విడివిడిగా బలహీనమైనవే అయినా అనేకం కావడం వలన కలిపి చూస్తే అంగీకరించవచ్చునని పలువురు పండితులు భావించారు. రెండు మాటలనూ ఒకే మూటగా కట్టి "నిజం" అనడమూ పొరపాటే. "అబద్ధం" అనడమూ పొరపాటే.

ప్రవక్త పేర అబద్ధం కల్పించడాన్ని హదీసు సంప్రదాయమే మహాపాపంగా పరిగణిస్తుంది. అట్టివారికి నరకమేనన్న హెచ్చరిక అత్యధిక దారులలో వచ్చిన హదీసులలో ఒకటి. నేడు చేతిఫోనులో ఒక పుణ్యవాక్యం వస్తుంది; క్రింద "బుఖారీ" అని ఒక పేరు, ఒక సంఖ్య ఉంటాయి; అందుకొన్నవాడు పదిమందికి పంపుతాడు. పంపినవాని ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని అందులో ఒక మందు పేరో, ఒక వర్గంపై ద్వేషమో, స్త్రీల హక్కును తగ్గించే మాటో ఉంటే దాని ఫలితం ఇంటి లోపలి దాకా వస్తుంది. పరదేశాలలో పెరుగుతూ అరబ్బీగాని ఉర్దూగాని చదవని తెలుగు ముస్లిము పిల్లలకు ఫోనే మొదటి గురువు అవుతున్న కాలంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

యంత్రపు పరిమితులు

సంఖ్యల చిక్కు మొదటిది. ముస్లిం సంకలనంలో అబ్దుల్ బాఖీ లెక్క ప్రకారం ముఖ్యసంఖ్యలు 3,033. గొలుసులన్నిటినీ విడిగా లెక్కించే ముద్రణలలో అవి ఏడు వేలు దాటుతాయి. కనుక ఒక ముద్రణలోని సంఖ్యను మరొక ముద్రణలో వెదకి "ఇక్కడ లేదు, కనుక కల్పితం" అనడం న్యాయం కాదు. గ్రంథం, అధ్యాయం, ముద్రణ మూడూ తెలిసినప్పుడే సంఖ్యకు విలువ.

తీర్పుల చిక్కు రెండవది. సమాచార నిధి ఒక హదీసు ప్రక్కన "సహీహ్" అని చూపినప్పుడు, అది యంత్రం ఇచ్చిన తీర్పు కాదు. ఒక పండితుని తీర్పు. ఆధునిక కాలంలో అల్బానీ (1914–1999), షుఐబ్ అర్నావూత్ వంటివారు వేలకొద్దీ హదీసులను పరిశీలించి తీర్పులు చెప్పారు. వారు కొన్నిచోట్ల ఒకరితో ఒకరు విభేదించారు. ఒకే పండితుడు తరువాతి గ్రంథంలో తన అభిప్రాయం మార్చుకొన్న సందర్భాలూ ఉన్నాయి. తీర్పు చెప్పినవారి పేరు లేని తీర్పు, సంతకం లేని పత్రం వంటిది.

దాగిన లోపాలు మూడవ చిక్కు. కొందరు ఉల్లేఖకులు తాము నేరుగా వినని మాటను విన్నట్లు తోచేలా "ఫలానావారి నుండి" అని ముక్తసరిగా చెప్పేవారు. "ఆయన నాకు చెప్పారు" అనడానికి, "ఆయన నుండి" అనడానికి గల భేదాన్ని యంత్రానికి నేర్పవచ్చును. కాని విశ్వసనీయుడైన ఉల్లేఖకుడే ఒకనాడు మరపున ఒక పేరు బదులు మరొక పేరు చెప్పి ఉంటే, గొలుసు పైకి నిర్దోషంగా కనిపిస్తుంది. అట్టి లోపాలను పట్టడంలో దారఖుత్నీ (మరణం 995) వంటివారు ప్రసిద్ధులు. జీవితమంతా హదీసులతో గడిపినవారికి అలవడిన ఆ పసికట్టే శక్తిని పట్టికలో ఇమిడ్చడం ఇంకా సాధ్యపడలేదు.

ఇక నాలుగవది సరికొత్తది. ప్రశ్న అడిగితే వాక్యాలల్లి జవాబు చెప్పే కృత్రిమ మేధస్సు, లేని హదీసుకు ఉన్న గ్రంథం పేరును, నిజమైనదానివలె కనబడే సంఖ్యను జతచేసి చెప్పగలదు. వెదకి తెచ్చే యంత్రం వేరు, అల్లి చెప్పే యంత్రం వేరు. రెండవది చెప్పినదానిని మొదటిదానితో సరిచూడక అంగీకరించడం ప్రమాదం.

పాఠకుడు చేయదగిన పని

ఒక హదీసు ఎదురైనప్పుడు సామాన్య పాఠకుడు అయిదు మెట్లు ఎక్కవచ్చును. మొదట, అది ఏ గ్రంథంలో ఉన్నదో సమాచార నిధిలో వెదకడం. ఒక పదంతో దొరకకుంటే మరొక పదంతో ప్రయత్నించడం. రెండవది, దొరికిన పాఠం మొత్తం చదవడం, ముందు వెనుకల సందర్భం చూడడం. మూడవది, ఇదే మాట ఇతర దారులలో ఎలా వచ్చినదో పోల్చడం. నాలుగవది, తీర్పు ఏమిటి, అది ఎవరిది అని గమనించడం. అయిదవది, సందేహం మిగిలితే విషయం తెలిసిన పండితుని అడగడం. ఇంగ్లీషు అనువాదాలలో తరచు గొలుసును వదలివేసి చివరి ఉల్లేఖకుని పేరు మాత్రమే ఇస్తారు. కావున అనువాదం మీద ఆధారపడేవారికి నాలుగవ మెట్టు, అయిదవ మెట్టు మరింత ముఖ్యం.

వెదకినా దొరకకపోవడం కల్పితమనడానికి నిరూపణ కాదు. దొరకడం ప్రామాణికమనడానికి నిరూపణ కాదు. ఈ రెండు వాక్యాలు గుర్తుంచుకొన్నవాడు సమాచార నిధిని సరిగా వాడినట్లే.

ఒక మాట విన్నంత మాత్రాన నమ్మక, చెప్పినవాడెవడు, అతనికి చెప్పినవాడెవడు అని అడుగుతూ ఎడారుల మీదుగా ఊరూరూ తిరిగినవారు ఈ శాస్త్రానికి పునాది వేశారు. వారు వ్రాసినదానిని హైదరాబాదు అచ్చుకూటం అక్షరబద్ధం చేసింది. ఆ అక్షరాలను నేడు కంప్యూటరు క్షణంలో మన ముందుంచుతున్నది. తిరిగే శ్రమ తగ్గినది. అడిగే శ్రమ మాత్రం పాఠకునిదే.